ఏడో నంబరు దగ్గర

మిరుగం పడ్డ మూడో రోజు
వేలేరు దారిల పడావు చెలక.
దుబ్బ ఇంకా పైపైననే తడిసింది,
గోటితో గీకితే కింద పాత ఎండ.
నేను బోర్లా పడుకున్న.
బస్సులో పోయేటోళ్లు చూసి
ఈమెకేదో అయ్యిందనుకొని ఉంటరు.

ఉరికింది.
ఆగింది.
మళ్లా ఉరికింది.
పులిపెంకుపురుగు తన ఉరుకుడులో తనే గుడ్డిదైతది:
కాళ్లు కండ్లను దాటిపోతయి,
లోకం గీతలు గీతలుగా చెదిరిపోతది.
అందుకే నడుమ నిలబడి
చీమ ఎక్కడున్నదో మొదటినుంచి చూసుకుంటది.
ఆ నిలబడ్డ లిప్తలోనే
నా వల పడాలె.
పడలేదు. తొమ్మిదిసార్లు పడలేదు.

"గట్ల కాదు మేడం" అనుకుంట ఓదెలు
భుజమ్మీది గొంగడి తీసిండు.
తన నీడ ముందల పడకుండ ఎండకెదురు నడిచి,
అది ఉన్న చోట గాదు,
వాలబోయే చోట పరిచిండు.
అంచు కిందికి చెయ్యి పోనిచ్చి తీస్తే
అప్పుడే తోమిన రాగి చెంబు రంగు,
పక్కలకు పచ్చ,
ఒక్కో రెక్కకు పాలతో గీసినట్టు మూడు గుర్తులు:
భుజం దగ్గర కొడవలి, నడుమ పట్టీ, కొసకు చుక్క.
కరిచింది. నవ్విండు.

రాత్రి, హన్మకొండ కాలేజీ ల్యాబుల,
ఆరుకుంట వెలిగే ట్యూబులైటు కింద
కీ పుస్తకం తెరిచిన.
దానికి రెండే మాటలొస్తయి: ఉందా, లేదా.
పై పెదవి మీద వెంట్రుకలు ఆరు దాటినయా, రెండుకు పో.
భుజం కొడవలి విరగకుండ ఉందా, నాలుగుకు పో.
నడిమి పట్టీ రెక్క అంచును తాకిందా
ఏడుకు పో.

ఏడు దగ్గర నిలబడిపోయిన.
ఎడమ రెక్కకు తాకింది,
కుడి రెక్కకు తాకలేదు.
లెన్సు తుడిచిన. మళ్లా చూసిన.
సూది మీది పురుగుకు తొందరేమున్నది,
ఆగుడు తప్ప ఉరుకుడు లేదు.

తెల్లారి ఓదెలును అడిగిన, ఇవి ఎన్ని రకాలని.
మూడన్నడు.
ఆగి, మళ్లా అదే దిక్కుకు ఉరికేది ఒకటి.
ఆగి, తిరిగి మనల్నే చూసేది ఒకటి.
గొర్రె డెక్క దిగిన గుంతలో పండుకొని
మీసాలు మాత్రం బయట పెట్టేది ఒకటి.
"మీరు సూదికి గుచ్చింది యాడ ఆగింది మేడం,
ఎటు మొకం పెట్టి?"
నా కీలో దిక్కులకు నంబర్లు లేవు.

చిన్నప్పుడు ఇదే దుబ్బలో
పెన్సిలు మందం బొక్కల్లో గడ్డిపోచ పెట్టి,
పోచ కదిలితే గుంజేటోళ్లట.
లోపలి పురుగు పండ్లతో పట్టుకొనే పైకొచ్చేది,
వీపు మీది కొక్కెం గోడకు తన్ని
రానంటే రాననేది.
ఎక్కువ తీసినోనికి ఒక సీతాఫలం.
ఆ బొక్కలోదే పెరిగి ఇదైతదని చెప్పిన.
నమ్మలే.
చాలాసేపటికి "ఎన్నింటిని తిననియ్యకుండ చేసిననో" అని
మంద దిక్కు పోయిండు.

వీటికి బోడి నేల కావాలె.
రోడ్డుకవతల గొర్లు పోని చెలక
గడ్డి కమ్మింది, ఒక్కటి లేదు.
ఇవతల గ్రేడరు గీకి తెల్లరాళ్లు పాతిన వెంచరుల
కొనేటోడు రాక
ముప్పై ఏడో ప్లాటు నిండా ఉరుకుడే.
ఇల్లు లేచేదాక వాటిదే పట్టా.

చీటీ రాసిన, నూగుగింజంత అక్షరాలతో:
వేలేరు దారి, పడావు చెలక, మధ్యాహ్నం,
గొంగడితో పట్టినది ఓదెలు.
జాతి పేరు కాడ జాగ విడిచిపెట్టిన.
డబ్బా చెలకకే తీస్కపోయి
చేతి లెన్సు ఇచ్చి చూడమన్న.
తన పేరు చూడలేదు, పట్టీనే చూసిండు
ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి.

"మా మందల ఒకదానికి
ఒక చెవి నలుపు, ఒక చెవి తెలుపు.
గొర్రె కాదంటమా మేడం?"

పుస్తకంలో ఏడు పక్కన
పెన్సిలుతో చిన్న గీత పెట్టిన.
చెరిపితే పోయేటంత సన్నగ.